పెండ్లి గురించి శ్రీసభ మాట చెప్పబోయే ముందు

చిరంజీవి బాబుకు పెద్దనాన్న దీవెనలు.

పెండ్లి గురించి మన శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ఏం బోధిస్తుందో చెప్పడానికి నువ్వు రాసి పంపిన కరపత్రం రెండుసార్లు చదివాను. యువజన కూటమిలో జరిగిన గొడవ, ఆఫీసులో పక్క సీటువాళ్లు మాట్లాడడం మానేసిన సంగతి, ఎవరో ఫోన్ చేసి బెదిరించిన సంగతి అన్నీ రాశావు. ఆ బెదిరింపు విషయం చివర్లో విడిగా చెప్తాను. మిగతా తిట్ల సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్తా, ఏమీ అనుకోకు. వాటిలో సగం శ్రీసభ బోధకు పడ్డవి కావు, నువ్వు ఆ బోధకు తగిలించిన తోకలకు పడ్డవి. బోధ కోసం మాటలు పడాల్సి వస్తే పడదాం. తోకల కోసం ఎందుకు పడాలి?

అన్నిటికన్నా ముందు రెండో పేజీలో ఉన్న ఈ వాక్యం కొట్టేయి: “ఎన్ని కష్టాలొచ్చినా భార్య భర్తను విడిచి వెళ్లకూడదు.” శ్రీసభ ఎక్కడా ఇలా చెప్పలేదు. శ్రీసభ సొంత చట్టమైన కానన్ చట్టంలో 1153 తీసి చూడు. భర్తగానీ భార్యగానీ రెండోవాళ్ల శరీరానికో ఆత్మకో, పిల్లలకో పెద్ద ప్రమాదం తెచ్చిపెడుతుంటే, లేదా కలిసి బతకడం మరీ దుర్భరం చేస్తుంటే, విడిగా వెళ్లిపోవడానికి అదే తగిన కారణం అంటుంది. మామూలుగా పీఠాధిపతుల, అంటే బిషప్‌గారి, ఉత్తర్వుతో వెళ్లాలి. ఆలస్యం చేస్తే ముప్పు అనుకుంటే ఎవరినీ అడగకుండానే వెళ్లొచ్చు. ఆ కారణం తొలగిపోయాక మళ్లీ కలవాలని కూడా అక్కడే ఉంది, అదీ దాచొద్దు. బంధం నిలిచి ఉండడం వేరు, తన్నులు తింటూ ఒకే కప్పు కింద ఉండడం వేరు. ఈ తేడా చెప్పకుండా “దేవుడు జతపరచిన దానిని” అని మొదలుపెడితే, వెనక వరసలో మోచేతి దాకా కొంగు కప్పుకుని కూర్చున్న ఆమెకు నువ్వు ఏం చెప్పినట్టు?

అలాంటి ఆమె వచ్చి అడిగితే “ప్రార్థన చేద్దాం, ఇంటికి వెళ్లమ్మా” అని మాత్రం అనకు. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు, కాపురం ఉన్న ఇంట్లోంచి గెంటేయకుండా కూడా అడగొచ్చు. మన ఊళ్లో సఖి కేంద్రాలు, భరోసా కేంద్రం ఉన్నాయి. ఈ వివరాలు కరపత్రం అడుగున పెద్ద అక్షరాల్లో వేయించు.

ఇక విడాకుల మాట. “విడాకులు తీసుకున్నవాళ్లకు దివ్యసత్ప్రసాదం లేదు”, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం వాళ్లకు లేదని రాశావు. ఇదీ తప్పే. కోర్టులో విడాకులు తీసుకుని, మళ్లీ పెండ్లి చేసుకోకుండా ఉన్నవాళ్లకు ఆ విడాకుల కారణంగా సత్ప్రసాదం ఆగదు. ఆస్తి హక్కుకో పిల్లల సంరక్షణకో వేరే దారి లేకపోతే కోర్టు విడాకులను సహించవచ్చని శ్రీసభ బోధల పుస్తకమైన సత్యోపదేశం 2383 చెబుతుంది. మొగుడు వదిలేసిపోయిన ఇల్లాలికి, అన్యాయంగా విడాకులకు గురైనవాళ్లకు ఆ పాపం అంటదని 2386 చెబుతుంది. మొదటి బంధం ఉండగానే మళ్లీ కోర్టు పెండ్లి చేసుకున్నవాళ్ల విషయం వేరు, అది 1650లో ఉంది. అలాంటివాళ్లను వెలివేసినట్టు చూడొద్దని ఆ వెంటనే 1651 అంటుంది. ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో. పన్నెండేళ్లుగా గుడి మెట్ల దగ్గరే ఆగిపోయి, ఎవరో తప్పు చెప్పడం వల్ల సత్ప్రసాదానికి లేవని ఆడవాళ్లు మన విచారణల్లో, అంటే గుడి సంఘాల్లో, ఉన్నారు. నీ కరపత్రం వాళ్ల సంఖ్య పెంచకూడదు.

“డబ్బుంటే మీ చర్చిలో కూడా విడాకులు ఇస్తారుగా” అనే ప్రశ్న ప్రతి కూటమిలోనూ వస్తుంది. ఈ గందరగోళంలో మన తెలుగు మాటకే సగం పాత్ర ఉంది. అందరం “వివాహ రద్దు” అంటాం. రద్దు అంటే ఉన్నదాన్ని తీసేయడం. శ్రీసభ న్యాయస్థానం చేసేది అది కాదు. పెండ్లి రోజునే అది చెల్లలేదా అని పరిశీలిస్తుంది. బలవంతపు సమ్మతి, పెండ్లి బాధ్యతలు మోయలేని తీవ్రమైన మానసిక కారణం, పిల్లలే వద్దని మనసులో ఖాయం చేసుకుని ప్రమాణం చేయడం లాంటివి రుజువైతే “ఇది మొదటి నుంచీ చెల్లని పెండ్లి” అని తీర్పు ఇస్తుంది. కాబట్టి “చెల్లని పెండ్లి తీర్పు” అను, “రద్దు” అనకు. అప్పుడు పిల్లలు అక్రమ సంతానమా అని వెంటనే అడుగుతారు. కాదు. ఇద్దరిలో ఒక్కరైనా మంచి మనసుతో చేసుకున్న పెండ్లి అయితే పిల్లలు సక్రమ సంతానమే, కానన్ 1137.

పోపు ఫ్రాన్సిస్ 2015లో ఈ విచారణ పద్ధతి సులువు చేశారు. అంతకుముందు రెండు న్యాయస్థానాలు ఒకే మాట అనాల్సి వచ్చేది. ఇప్పుడు అప్పీలు లేకపోతే ఒక్క తీర్పు చాలు. మొదటి స్థాయి కేసు ఏడాదికి మించకూడదని చట్టం, ఆచరణలో కొన్నిసార్లు దాటుతుంది. అదీ నిజాయితీగా చెప్పు. ఇంకొక ముఖ్య విషయం, ఈ తీర్పుతో ప్రభుత్వం దృష్టిలో పెండ్లి పోదు. 1996లో ఒకసారి, 2017లో ఇంకోసారి సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఫ్యామిలీ కోర్టు డిక్రీ లేకుండా ఇంకో పెండ్లి చేసుకుంటే అది రెండో పెండ్లి నేరమే. ఈ ముక్క చెప్పకపోవడం వల్ల ఇరుక్కునేది నువ్వు కాదు, నిన్ను నమ్మినవాళ్లు.

మరీ గట్టిగా మాట్లాడబోయి “శ్రీసభ ఏ పెండ్లినీ ఎన్నటికీ విడదీయదు” అని కూడా అనకు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన ఇద్దరి మధ్య జరిగి, కాపురం కూడా అయిన పెండ్లిని ఏ మానవ అధికారమూ విడదీయలేదు, అది కానన్ 1141. ఇద్దరూ జ్ఞానస్నానం లేనివాళ్లుగా పెండ్లాడి, తర్వాత ఒకరు విశ్వాసంలోకి వస్తే, రెండోవాళ్లు కలిసి ఉండనంటే అప్పుడు వేరే నియమం ఉంది. పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 7:15 దానికి ఆధారం. కొత్తగా విశ్వాసంలోకి వచ్చే కుటుంబాలున్న మన దగ్గర ఇది తరచూ అవసరపడుతుంది. అలాంటి కేసు నీ దాకా వస్తే సొంత తీర్పు ఇవ్వక విచారణ గురువుల దగ్గరికి తీసుకెళ్లు.

ఎఫెసీయులకు రాసిన లేఖ 5వ అధ్యాయం చదివేటప్పుడు 22వ వచనంతో మొదలుపెట్టడం మన పాత జబ్బు. 21తో మొదలుపెట్టు. “ఒకరికొకరు లోబడి ఉండండి” అని ముందు ఇద్దరికీ చెప్పాకే మిగతాది వస్తుంది. భార్యకు మూడు వచనాలైతే భర్తకు ఆ తర్వాత దాదాపు మొత్తం. క్రీస్తు శ్రీసభ కోసం ప్రాణం ఇచ్చినట్టు ప్రేమించాలట. 25వ వచనం చదివి కాసేపు ఆగు. హాల్లో మగవాళ్లు ఫ్యాన్ వంక చూస్తారు, చూడనీ.

మతాంతర వివాహం దగ్గర బంధువుల కోపం ఎక్కువ. అమ్మాయి కతోలిక, అబ్బాయి హిందువు అనుకో. “మా వాడు మతం మారాలంట” అని అటువాళ్లు ఊగిపోతారు. మారాల్సిన పని లేదు. పీఠాధిపతుల మినహాయింపు తీసుకోవాలి. తన విశ్వాసం వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి తన శక్తిమేర ప్రయత్నిస్తానని అమ్మాయి మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చిందని అబ్బాయికి తెలియజేస్తారు. అతని చేత ఏ ప్రమాణమూ చేయించరు. సీఎస్ఐ, బాప్టిస్టు లాంటి వేరే క్రైస్తవ సంఘాలవాళ్లతో అయితే మినహాయింపు కాదు, అనుమతి. హైదరాబాదులో ఒకే ఇంట్లో మూడు సంఘాలవాళ్లు ఉంటారు, ఈ రెండు మాటలు కలగాపులగం చేస్తే మేనత్తలే ముందు మండిపడతారు.

స్వలింగ వివాహం గురించి రాసిన పేజీ మొత్తం తిరిగి రాయాలి. బోధ స్పష్టంగానే ఉంది: పెండ్లి ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య, జీవితాంతం, సంతానానికి తలుపు తెరిచి. దాన్ని మెత్తబరచమని చెప్పను. కానీ “పాశ్చాత్య రోగం” అని రాశావు. సత్యోపదేశం 2357 స్వలింగ చర్యలను తప్పంటుంది, మనుషులను రోగం అనదు. ఆ వెంటనే 2358 వాళ్లను గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ చూపకూడదని అంటుంది. మొదటిది చదివి రెండోది వదిలేసేవాడు బోధను సగానికి కోసినట్టే, రెండోది చదివి మొదటిది వదిలేసేవాడూ అంతే. హాల్లో కుళ్లు జోకులు మొదలైతే అక్కడికక్కడే ఆపు. కూటమి అయ్యాక అందరూ వెళ్లేదాకా చేతిసంచి ఒడిలో పెట్టుకుని, చెప్పుల దగ్గర కూర్చుండిపోయే తల్లి ఒకరు తరచూ ఉంటారు. ఏమీ అడగరు. కొడుకు ఇల్లు వదిలి వెళ్లి ఉంటాడు. నువ్వు మైకులో అన్న ప్రతి మాటా ఆమె మోసుకుపోతుంది.

“2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు కూడా మన వైపే తీర్పు ఇచ్చింది” అని గొప్పగా రాశావు, తీసేయి. పెండ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, ఆ గుర్తింపు చట్టసభల పని అని కోర్టు అంది. రేపు పార్లమెంటు వేరే చట్టం చేస్తే నీ వాదన కూలిపోతుందా? పెండ్లి అనే దివ్యసంస్కారానికి కోర్టు ఊతకర్ర అక్కర్లేదు. 2023 డిసెంబర్ 18 నాటి రోమ్ ప్రకటన మీద కూడా రెండు వైపులా గోల. “పోపుగారు ఒప్పేసుకున్నారు” అని ఒకరు, “దారి తప్పారు” అని ఇంకొకరు. ఆరాధన క్రమంలో కాకుండా, పెండ్లి పోలిక లేకుండా, స్వలింగ జంటలు అడిగితే గురువు చిన్న ఆశీర్వాదం ఇవ్వవచ్చని అందులో ఉంది. పెండ్లి మీద బోధ మారలేదని కూడా అందులోనే ఉంది.

కుటుంబ నియంత్రణ గురించి అడిగితే 1968 నాటి పోపు ఆరో పౌలు లేఖలో ఉన్నది ఉన్నట్టు చెప్పు, నెలసరి లెక్కతో సంయమనం పాటించడం తప్పు కాదని కూడా చెప్పు. ఎదురుగా ఉన్న ఆడవాళ్లలో చాలామందికి రెండో కాన్పు కాగానే అత్తగారో డాక్టరో చెప్తే ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. చేతులెత్తమనకు. మిగతాది గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం గదిలో మాట.

ఇప్పుడు నీ మీద పడ్డ ఆరోపణల్లో నాకు న్యాయంగా కనిపించినది. “కట్నం మీద, కులం మీద మీకు నోరు లేదా?” అని ఒక పిల్ల అడిగిందట, నువ్వు విషయం మార్చావట. అదే సాంప్రదాయ బోధలో గట్టి భాగం బాబూ! స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతే పెండ్లిని చేస్తుంది, ఆ సమ్మతిని ఏ మానవశక్తీ భర్తీ చేయలేదు, కానన్ 1057. భయపెట్టో బలవంతపెట్టో చేయిస్తే చెల్లదు, కానన్ 1103. “విషం తాగి చస్తాం” అని బెదిరించి కులంలో సంబంధం ఖాయం చేసిన తల్లిదండ్రులు ఆదివారం మొదటి బెంచీలో కూర్చుంటారు. కట్నం 1961 నుంచి నేరం. ఈ రెండింటికీ ఒక పేజీ కేటాయించు. మనవాళ్లకే కోపం వస్తుంది, తెలుసు. అప్పుడు గానీ బయటివాళ్లు నిన్ను నమ్మరు.

మాట్లాడే తీరు సంగతి. ప్రశ్న వచ్చాక ముందు అదే ప్రశ్నను నీ నోటితో తిరిగి చెప్పు, “మీరు అడిగేది ఇదేనా?” అను. జవాబు మూడు వాక్యాలు దాటనీయకు. తెలియకపోతే వచ్చే ఆదివారం చెప్తానని నోటుబుక్కులో రాసుకుని, నిజంగా చెప్పు. తెలిసినవాళ్ల కాపురాలను పేరు లేకుండా కూడా ఉదాహరణగా వాడకు, విచారణలో ఎవరి గురించో రెండు నిమిషాల్లో కనుక్కుంటారు. అరిచేవాళ్లలో చాలామంది తమ అక్క గురించో అమ్మ గురించో అరుస్తుంటారు. వాళ్లకు మైకులో జవాబు చెప్పకు, కూటమి అయ్యాక టీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చో. ఆఫీసులో కరపత్రాలు పంచొద్దు, ఆఫీసు గ్రూపులో ఏదీ పెట్టొద్దు. అడిగితే భోజనం దగ్గర రెండు మాటలు చెప్పు, అంతే. పక్క సీటువాళ్లు మాట్లాడకపోవడం హింస కాదు, దాన్ని విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల లెక్కలో కలపకు. ముందు నువ్వే పలకరించు.

బెదిరింపు మాత్రం వేరు. ఆ నంబరు, తేదీ, టైము, అన్న మాటలు అన్న వరసలోనే ఈ రోజే కాగితం మీద రాయి. మెసేజీలు ఉంటే చెరపకు, జవాబు ఇవ్వకు, స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపి ఉంచు. భారతీయ న్యాయ సంహిత 351 కింద అది నేరపూరిత బెదిరింపు, చంపుతామంటే శిక్ష ఏడేళ్ల దాకా. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు, మా పరిధి కాదంటే ఒప్పుకోకు. ఫాదర్ గారికి చెప్పు, కానీ ఆయన అనుమతి కోసం ఆగకు. స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లకు. అదే సంహితలో 299 కూడా ఉంది, పరుల మతాన్ని కావాలని కించపరిస్తే మూడేళ్ల దాకా. మూడో పేజీలో హిందూ పెండ్లి తంతు మీద వేసిన ఎగతాళి వాక్యం అందుకే ఎర్ర సిరాతో కొట్టేశాను. చట్టం లేకపోయినా కొట్టేసేవాణ్ణే.

దిద్దిన కాపీ ఈ కవరులోనే ఉంది. గురువారం లోపల మళ్లీ రాసి ఫాదర్ గారికి చూపించు, ఆయన చూడకుండా అచ్చుకు ఇవ్వకు. రెండు వందలు చాలు, అయిదు వందలు వద్దు.

నీ పెద్దనాన్న