గుర్రాన్ని ఇంటికి తెచ్చుకునే ముందు – పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని జవాబులు

ప్రశ్న: మాకు షాద్‌నగర్ దగ్గర మూడెకరాల తోట ఉంది. తోట చూసుకునే దంపతులు అక్కడే రెండు గేదెలను మేపుతున్నారు. పదమూడేళ్ల మా అమ్మాయికి గుర్రపు స్వారీ అంటే ప్రాణం. పందాల నుంచి విరమింపజేసిన ఆరేళ్ల గుర్రాన్ని చాలా తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. గేదెలతో పాటే దాన్నీ పోషించుకోవచ్చా? మా ఇంట్లో ఎవరికీ గుర్రాల అనుభవం లేదు.
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

జవాబు: మీకు అనుభవం లేదని దాచకుండా రాశారు కాబట్టి నేనూ దాచకుండా చెబుతాను. ఈ గుర్రాన్ని ఇప్పుడు కొనకండి. పరుగు తప్ప మరొకటి నేర్పని జంతువును, స్వారీ నేర్చుకోవాలనుకునే పిల్లకు ఇవ్వడం ఇద్దరికీ ప్రమాదమే. అమ్మాయిని కనీసం ఒక ఏడాది మంచి స్వారీ శిక్షణశాలకు పంపండి. స్వారీ మాత్రమే కాదు, డెక్కలు శుభ్రం చేయడం, లద్దె ఎత్తడం, కళ్లెం తొడగడం కూడా అక్కడే నేర్చుకోనివ్వండి. అప్పటికీ ఆమె ఇష్టం తగ్గకపోతే పన్నెండు, పదిహేనేళ్ల వయసున్న నెమ్మదైన గుర్రాన్ని చూడవచ్చు. ఆరేళ్ల గుర్రం సరైన సంరక్షణలో మరో ఇరవై ఏళ్లు బతకగలదు. అంటే మీ అమ్మాయి చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ అయ్యాక కూడా అది మీ తోటలోనే ఉంటుంది.

ఇక గేదెలతో పాటే అన్న మాట గురించి. కొత్త యజమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గేదె గబగబా తిని తర్వాత తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. దాని జీర్ణాశయం అంత పెద్ద ఒంటికి చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పడుతుంది, గడ్డిలోని పీచు జీర్ణమయ్యేది వెనుక ఉన్న పెద్దపేగులో. అందుకే అది రోజంతా కొంచెం కొంచెంగా మేస్తూ ఉండాలి. 450 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 9 కిలోల మంచి ఎండుగడ్డి, 30 నుంచి 50 లీటర్ల శుభ్రమైన నీరు కావాలి. ఎండాకాలంలో నీరు ఇంకా ఎక్కువ తాగుతుంది. దానికి గరిక కంటే ఇష్టమైనది లేదు. నానబెట్టిన ఉలవలు కొద్దిగా పెట్టవచ్చు. పచ్చి జొన్న చొప్ప, సూడాన్ గడ్డి మాత్రం పెట్టకూడదు. ఏ మేతనైనా మార్చేటప్పుడు పది రోజుల నుంచి రెండు వారాల పాటు పాతదానిలో కొత్తది కలుపుతూ మార్చాలి. మీ ప్రాంతంలో కోళ్ల ఫారాలు ఎక్కువ కాబట్టి మరొక మాట నొక్కి చెబుతున్నాను. కోళ్ల దాణాలోనూ కొన్ని పశువుల దాణాల్లోనూ కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది, చాలా కొద్ది మోతాదు కూడా ప్రాణం తీయగలదు. గుర్రపు దాణాకు వేరే గది, వేరే తొట్టి, వేరే తాళం ఉండాలి.

గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పడకపోతే దానికి బయటి దారి లేదు. ఒకసారి ఒక తోటలో పెళ్లి విందులో మిగిలిన అన్నాన్ని, వృథా కావడమెందుకని, కాపలాదారు గుర్రం తొట్టిలో పోశాడు. నేను వెళ్లేసరికి అది ముందు కాలితో నేలను తవ్వుతోంది, మాటిమాటికీ తల తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటోంది, మెడ మీద చెమట ధార కడుతోంది. అలసిపోయి పడుకుంటోందని అనుకుని వాళ్లు మధ్యాహ్నం నుంచి ఊరుకున్నారు. ఆ గుర్రం తెల్లవారే లోపు చనిపోయింది. ఆ కాపలాదారు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. దుర్మార్గం చేసినవాడు కాదు, ఎవరూ చెప్పలేదంతే. కాబట్టి దవడ ఎముక లోపలి అంచున వేళ్ల కొసలు పెట్టి నాడి చూడడం మీ ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి అది నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కడుపునొప్పి లక్షణాలతో పాటు అది 60 దాటితే డాక్టరు కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఆ డాక్టరు ఎవరో గుర్రాన్ని కొనకముందే తెలిసి ఉండాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, అయినా గుర్రాలకు అలవాటుపడిన వైద్యుని నంబరు మీ దగ్గర ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి డెక్కలు చెక్కి లాడాలు సరిచేసేవారు మీ తోట దాకా వస్తారో లేదో కూడా ముందే అడగండి. ధనుర్వాతం టీకా ఏటా తప్పనిసరి. కొనేముందు గ్లాండర్స్ వ్యాధికి రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ సోకుతుంది, వ్యాధి నిర్ధారణ అయిన గుర్రాన్ని చట్టప్రకారం చంపవలసి ఉంటుంది. గుర్రం మందలో బతికే జంతువని కూడా గుర్తుంచుకోండి. మరో గుర్రం తోడు లేకపోతే కనీసం ఆ గేదెలు కనిపించే చోట దాన్ని ఉంచాలి.

ప్రశ్న: ఏడాది కిందట ఒక ఆడ గుర్రాన్ని కొన్నాం. దానికి లోటు చేయకూడదని రోజూ తవుడు, మా పొలంలోని సూపర్ నేపియర్ పచ్చిగడ్డి కడుపునిండా పెడుతున్నాం. రెండు నెలలుగా ఒకరోజు ఒక కాలు, మరో రోజు ఇంకో కాలు కుంటుతోంది. ముక్కుకు రెండు వైపులా ఎముక ఉబ్బినట్టు కనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు ప్రేమగా పెడుతున్న ఆ రెండే దాని ఎముకలను తినేస్తున్నాయని నా అనుమానం. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే పదార్థాలు, మేతలో ఉన్న ఆ కాస్త కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. గేదెల కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విరగ్గొడతాయి కాబట్టి అవి అదే గడ్డితో బాగానే ఉంటాయి. గుర్రం మాత్రం రక్తంలో తగ్గిన కాల్షియాన్ని తన ఎముకల్లోంచి తోడుకుంటుంది. ముఖం ఎముకలు మెత్తబడి ఉబ్బుతాయి కనుక దీన్ని బిగ్ హెడ్ అంటారు. పూర్వం తవుడు సులభంగా దొరికే పిండిమరల వారి గుర్రాలకు ఇది ఎక్కువగా వచ్చేది.

తవుడు ఆపండి. నేపియర్‌ను రెండు వారాల్లో క్రమంగా తగ్గించి ఎండుగడ్డికి, కొంత లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసానికి మార్చండి. సున్నపురాయి పొడి ఎంత కలపాలో డాక్టరే చెప్పాలి. మొత్తం మేతలో ఒక వంతు భాస్వరానికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల కాల్షియం ఉండేలా ఆయన లెక్క వేస్తారు. ఎముకలు మళ్లీ గట్టిపడేదాకా స్వారీ వద్దు, మెత్తబడిన ఎముక విరగవచ్చు. కుంటు తగ్గడానికి నెలలు పడుతుంది, ముఖం వాపు పూర్తిగా పోకపోవచ్చు, అయినా అది హాయిగా బతకగలదు.

ప్రశ్న: మా అబ్బాయి పైచదువుకు అమెరికా వెళుతున్నాడు. వాడి పద్నాలుగేళ్ల గుర్రాన్ని పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఒకాయన అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చూసుకోలేనప్పుడు చూసుకునేవారికి ఇవ్వడం తప్పు కాదు, ఎవరికి ఇస్తున్నామో చూడకపోవడమే తప్పు. చెప్పకుండా ఒకరోజు ఆయన గుర్రపుశాలకు వెళ్లండి. అక్కడి గుర్రాల పెదవుల మూలలు, జీను కింద వీపు, డెక్కలు చూడండి. ముళ్ల కళ్లెం కనిపిస్తే అక్కడితో మాటలు ముగించండి. 1965 నాటి కేంద్ర నియమాలే దాన్ని నిషేధించాయి. తోటలో ప్రశాంతంగా పెరిగిన గుర్రం బ్యాండు మేళానికి, బాణసంచాకు ఈ వయసులో అలవాటుపడడం చాలా కష్టం. నేనైతే పిల్లలకు స్వారీ నేర్పే శిక్షణశాలను ముందు అడుగుతాను. ఎవరికి ఇచ్చినా ఒక నెల పరిశీలన గడువు పెట్టుకుని, నచ్చకపోతే తిరిగి తీసుకుంటామని కాగితం మీద రాసుకోండి. టీకాల వివరాలు, లాడాలు కొట్టించిన తేదీలు, అది రోజూ ఏ వేళకు ఏమి తింటుందో రాసిన చీటీ దానితో పాటు పంపండి. మేత ఒక్కసారిగా మారకుండా మొదటి రెండు వారాలకు సరిపడా ఎండుగడ్డి, దాణా మీ ఇంటి నుంచే వాహనంలో వేసి పంపండి.