బార్సిలోనాలో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతున్నాను. ఈ వేసవిలో నాలుగు రోజులు బార్సిలోనాలో ఉంటాను. వాస్తుశిల్పి ఆంటోనీ గౌడీ కట్టడాలకు ప్రకృతే మూలం అంటారు. ఫొటోలతో సరిపెట్టకుండా నిర్మాణం అర్థం చేసుకోవాలంటే ఏ వరసలో చూడాలి?
— విద్యార్థిని, విజయవాడ

జవాబు: అందరూ గౌడీ పెద్ద చర్చి సగ్రాద ఫామిలియాతో మొదలుపెడతారు. మీరు దాన్ని మూడో రోజుకి ఉంచుకోండి. మొదటి రోజు పొద్దున్నే ప్లాసా ఎస్పాన్యాలో లోకల్ రైలెక్కి కొలోనియా గ్వెల్‌లో దిగండి. బట్టల మిల్లు కార్మికుల కోసం కట్టిన కాలనీ అది. అక్కడి చర్చి పని 1908లో మొదలై 1914లో ఆగిపోయింది, నేలమాళిగ మాత్రమే మిగిలింది. మధ్యలో బసాల్ట్ స్తంభాలు ఒరిగి ఉంటాయి. ఒరిగిన గోడకు పోటు పెట్టేటప్పుడు కర్రను ఏటవాలుగానే నిలబెడతాం కదా, ఇదీ అంతే. పైనుంచి బరువు దిగే దారిలోనే రాయిని నిలబెట్టారు. గౌడీ ప్రకృతిని పూలలో, ఆకుల్లో కంటే ముందు బరువులో చూశాడన్నది ఇక్కడ తెలుస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే చూడాలి.

రెండో రోజు కాసా బాత్యో అనే ఇల్లు (1904–06). వీధి వైపు ముఖం ఎలాగూ చూస్తారు. లోపల వెలుతురు దిగడానికి నడుమ వదిలిన బావి దగ్గర మాత్రం గంటసేపు కూర్చోండి. పైభాగంలో టైల్స్ ముదురు నీలం, దిగేకొద్దీ లేతబడి అడుగున దాదాపు తెలుపు. కిటికీలు పైన చిన్నవి, కింద పెద్దవి. పైన ఎండ ఎక్కువ కాబట్టి ముదురు రంగు దాన్ని మింగుతుంది, కింద తక్కువ కాబట్టి లేత రంగు ఉన్న కాస్తనీ తిప్పి పంచుతుంది. ప్రతి అంతస్తులో కిటికీ కొలత, టైల్ రంగు రాసుకుంటూ ఒక సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయండి. అదే వీధిలో గౌడీదే మరో ఇల్లు, కాసా మిలా. దాని అటకలో 270 ఇటుక కమానులున్నాయి. కింద వెడల్పు మారినచోటల్లా కమాను ఎత్తూ మారింది. పైన డాబా ఎగుడుదిగుడుగా ఉండటానికి కారణం అదే.

సగ్రాద ఫామిలియాకు టైమ్ స్లాట్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. గోపురం ఎక్కాలంటే అది కూడా కలిసిన టికెట్ తీసుకోవాలి. లిఫ్టులో ఎక్కిస్తారు, దిగడం ఇరుకు మెట్ల మీద నడిచే. పొద్దున నీలం, ఆకుపచ్చ అద్దాల వైపు వెలుగుతుంది, మధ్యాహ్నం దాటాక ఎరుపు, నారింజ వైపు. లోపల ఎనిమిది కోణాల స్తంభం ఒకటి ఎంచుకుని కింది నుంచి పైకి అంచులు లెక్కపెట్టండి. ఎనిమిది పదహారవుతాయి, పదహారు ముప్పై రెండవుతాయి, చివరికి గుండ్రం. ఎనిమిది కోణాల ఒకే నక్షత్రాన్ని కుడికీ ఎడమకీ తిప్పుతూ పైకి లాగి, రెండింటికీ ఉమ్మడిగా మిగిలిన భాగాన్నే ఉంచితే వచ్చే రూపం అది. బయటికొచ్చాక ఆవరణలోని చిన్న బడి (1909) కప్పు తప్పక చూడండి. అలలా కనిపిస్తుంది గానీ అందులోని దూలాలన్నీ తిన్ననివే.

నాలుగో రోజు పార్క్ గ్వెల్. 86 స్తంభాల మంటపం మీది మైదానంలో పడ్డ వాన స్తంభాల లోపలి నుంచి దిగి అడుగున తొట్టిలోకి చేరుతుంది.

ప్రశ్న: కమాను ఆకారం కోసం గౌడీలా దారాలకు బరువులు కట్టి వేలాడదీసి మోడల్ చేశాను. ప్లాస్టర్ పూసి తిరగేస్తే కాళ్లు విడిపోయి కూలింది. ఎక్కడ తప్పాను?
— విద్యార్థి, వరంగల్

జవాబు: తప్పు కాళ్ల దగ్గరే ఉంది. వేలాడేటప్పుడు దారం కొక్కేలను లోపలికి లాగుతుంది. తిరగేస్తే అదే బలం కాళ్లను బయటికి నెడుతుంది. కాబట్టి ప్లైవుడ్ మీద కాళ్ల వెలుపల చెక్క ముక్కలు మేకులతో బిగించండి, లేదా రెండు కాళ్లనూ తీగతో కట్టండి.

రెండోది, దారం చూపేది బరువు నడిచే గీతను మాత్రమే. నిలబడాలంటే దానికి మందం ఉండాలి, ఆ గీత మందంలో నడిమి మూడోవంతు దాటకూడదు. దాటితే అవతలి అంచు పగులుతుంది.

తేమకు నూలు దారం పొడవు మారుతుంది. సన్నని పూసల గొలుసు వాడండి. బరువులకు గాలానికి కట్టే సీసపు గుండ్లు చాలు. ఆకారం బరువుల నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. అన్నింటినీ రెట్టింపు చేసినా గీత మారదు. కొలోనియా గ్వెల్ చర్చికి గౌడీ చేసిన నమూనాలో పొడవు పదో వంతు, బరువు పదివేలో వంతు. ఫ్యాన్ ఆపి, ఊగడం పూర్తిగా ఆగాక, కెమెరాను మోడల్ నడిమి ఎత్తులో పెట్టి ఫొటో తీసి తలకిందులు చేయండి. గౌడీ కూడా అలాంటి ఫొటోల మీదే రంగులద్ది ఆ చర్చిని ఊహించాడు.

ప్రశ్న: పార్క్ గ్వెల్ బెంచీ మీది పగిలిన టైల్స్, మన డాబా మీది చైనా మొజాయిక్ ఒకటేనా?
— పాఠకుడు, రాజమండ్రి

జవాబు: పద్ధతి దాదాపు ఒకటే, అవసరం వేరు. మనం నీరు ఇంకకుండా, ఎండ తిరిగి పోయేలా పరుస్తాం. అక్కడ బెంచీ రెండు వైపులా వంపు తిరుగుతుంది, నిండు టైల్ ఆ వంపు మీద కూర్చోదు. వంపు బిగిసేకొద్దీ ముక్క చిన్నదవ్వాలి. చిన్న గోపురం మీద ప్రయత్నించాలంటే ముక్కల్ని నీళ్లలో నానబెట్టండి. పొడి ముక్క మాలులో నీటిని పీల్చేస్తుంది, వారం తిరక్కుండా ఊడిపోతుంది.