ముందు వరుసలో అక్క

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. నా మొదటి కథ ఒక సాహిత్య పత్రిక ప్రత్యేక సంచికలో పడింది. వచ్చే ఆదివారం హైదరాబాద్‌లో ఆవిష్కరణ సభ, పది నిమిషాలు కథ చదవమన్నారు. ఇంట్లో చదువుకుంటుంటే, పెళ్లిచూపులవాళ్లు వద్దనుకుని వెళ్లాక కథలో ఆమె పట్టుచీర మడతపెట్టి, కలరా ఉండలేసి పెట్టెలో దాచే చోట గొంతు పూడుకుపోతోంది. మావారేమో ‘ఎవరిచేతనైనా చదివించు’ అంటున్నారు. కథ మా అక్కదే, పేరూ ఊరూ మార్చాను. అక్క పెళ్లి చేసుకోకుండా మిషను కుట్టి తమ్ముణ్నీ నన్నూ చదివించింది. తనకి కథ సంగతి తెలీదు, సభకి వస్తానంటోంది. గొంతు వణక్కుండా ఏం చేయాలి?

జవాబు: మీ గొంతుకేం జబ్బు లేదమ్మా. అక్క సంగతి చివర్లో తేల్చేశారు గానీ, వణుకంతా అక్కడిదే.

పేరు మార్చానంటున్నారు. పెళ్లిచూపులవాళ్లు వద్దనుకుని వెళ్లాక పట్టుచీర విప్పి, కలరా ఉండలేసి పెట్టెలో దాచిన మనిషికి అది తన చీరేనని తెలియదా? తమ్ముడికి తెలియదా? నలుగురిలో కూర్చోబెట్టి ఆవిడ బతుకు ఆవిడకే మైకులో వినిపిస్తారు. జనం చప్పట్లు కొడితే ఆవిడా కొట్టాలి. ఏ మొహంతో కొడుతుంది?

కథ రాసే హక్కు మీకుంది, అక్క అనుమతి కావాలని నేననను. కానీ అందరికంటే ముందు వినాల్సింది ఆవిడే. ఆవిడ కుట్టిన జాకెట్ల డబ్బుతో చదువుకున్న మీకు ఇది ఒకరు చెప్పాలా?

ఈ రెండు మూడు రోజుల్లోనే వెళ్లండి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి ఊరుకోవద్దు. మధ్యాహ్నం పని తెమిలాక, మరదలు కూడా లేనప్పుడు, కథ మొత్తం చదివి వినిపించండి. ‘నువ్వేమీ అనుకోకు’ అని మొదలుపెట్టారంటే ఆవిడ నోరు కట్టేసినట్టే. ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే పడండి. సంచిక అచ్చయిపోయింది, అక్షరం మారదు. అదీ దాచకుండా చెప్పండి. సభలో ఏ భాగం చదవాలన్నది మాత్రం ఇంకా మీ చేతిలో ఉంది. చీర ముక్క వద్దంటే ఇంకోటి చదవండి. రానంటే బతిమాలకండి.

ఇక చదవడం. నింపాదిగా చదివితే నిమిషానికి 90, 100 తెలుగు పదాలకు మించవు. కాబట్టి పది నిమిషాలకి 900 పదాల ముక్క చాలు. అందులో పాత్రలు ఇద్దరికి మించకపోతే మేలు, వినేవాళ్లు వెనక పేజీ తిప్పి చూసుకోలేరు కదా. మన సభలు ఆలస్యంగా మొదలవుతాయి, వక్తలు మీ టైమూ తినేస్తారు, అధ్యక్షులవారి నుంచి చీటీ వస్తుంది. అప్పుడు వేగం పెంచితే కథ మట్టికొట్టుకుపోతుంది. అందుకని ఐదు నిమిషాల ముక్క కూడా విడిగా గుర్తుపెట్టుకోండి.

పత్రికలోంచి చదవద్దు, ఆ చిన్న అక్షరాల్లో వరుస తప్పుతుంది. 16 పాయింట్లలో, కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించండి. పేజీ చివర వాక్యం తెగకూడదు. పిన్ను కొడితే తిప్పిన ప్రతిసారీ ఆ చప్పుడు మైకులో వినబడుతుంది. విడి కాగితాలకి నంబర్లేసుకుని, చదివినదాన్ని పక్కకి జరపండి. మైకు జానెడు దూరంలో, నోటికి సూటిగా కాక కాస్త పక్కగా ఉంటే ప, భ పలికినప్పుడు గాలి కొట్టదు. పాత్రల గొంతులు అనుకరించకండి, ఏకపాత్రాభినయం చూడ్డానికి ఎవరూ రాలేదు. ‘ఈ కథ ఎందుకు రాశానంటే’ అనే ఉపోద్ఘాతం అసలే వద్దు, అక్క ఉన్న హాల్లో మరీను.

గొంతు పట్టేసే వాక్యానికి ముందు పెన్సిల్‌తో నిలువుగీత గీసుకోండి. అక్కడ ఆగి, ఊపిరి పూర్తిగా వదిలి, గోరువెచ్చటి నీళ్లు ఓ గుక్క తాగి అందుకోండి. రెండు మూడు క్షణాలు ఆగితే మీకు యుగంలా ఉంటుంది గానీ వినేవాళ్లు గమనించను కూడా గమనించరు.

ఇంకొకరిచేత చదివించమన్న మీవారి సలహా పక్కన పెట్టండి. అక్క వస్తానంటే ఆదివారం ఆవిణ్ని తీసుకొచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దింపే పని ఆయనకి అప్పజెప్పండి.