మెట్రో గేటు ఎర్రలైటు వేస్తే తప్పు మనదేనా?

ప్రశ్న: మాది తిరుపతి. గత నెల అమ్మను కంటి చెకప్‌కు ఒక మహానగరానికి తీసుకెళ్లాను. మెట్రోకు ఇద్దరికీ చెరొక కార్డు ఉంది. ఎక్కేచోట అమ్మ కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. వెనక జనం తోసుకొస్తున్నారు. నా కార్డు పెట్టి ఇద్దరం ఒకేసారి దాటేశాం. దిగేచోట అమ్మ కార్డుకు ఎర్రలైటు పడింది. కౌంటర్లో ఛార్జీతో పాటు జరిమానా కట్టించుకున్నారు, రశీదు ఇవ్వలేదు. అందరి ముందూ దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారని అమ్మ ఇప్పటికీ బాధపడుతోంది. పైగా ముందురోజు రాత్రి ఆ కార్డుకు ఫోన్లో వేసిన 300 రూపాయలు ఏమయ్యాయో తెలియదు. దీనికోసం మళ్లీ ఆ ఊరెళ్లి కేసు వేయాలా?

జవాబు: వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అంటే మీరు తిరుపతిలోనే వేసుకోవచ్చు. ఆ మెట్రో ఏదో, కార్డు ఇచ్చిన బ్యాంకు ఏదో ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే చెన్నై వెళ్లినా బెంగళూరు వెళ్లినా మనవాళ్లకు ఇదే టెన్షన్.

మీ రెండు కష్టాలకూ మూలం ఆ 300 రూపాయలే అని నా అనుమానం. మీవి బ్యాంకులిచ్చే నేషనల్ కామన్ మొబిలిటీ కార్డులయితే డబ్బు రెండు చోట్ల ఉంటుంది. ఫోన్లో వేసింది ముందు బ్యాంకు దగ్గర ఆ కార్డుకున్న ఖాతాలో జమ అవుతుంది. స్టేషన్‌లోని యంత్రం మీద కార్డు పెట్టి బ్యాలెన్స్ అప్‌డేట్ చేసుకుంటేనే అది కార్డులోని చిప్‌కు ఎక్కుతుంది. గేటు చూసేది చిప్‌నే. ఫోన్లో 300 కనిపిస్తున్నా గేటుకు మాత్రం అమ్మగారి కార్డు ఖాళీ. శ్రీవారి మెట్టు దారిలో టోకెన్ చేతిలో ఉన్నా దారిలో స్కాన్ పడకపోతే పైన చెల్లదని మనవాళ్లు ఎంతమంది గొడవపడలేదు? ఇదీ అలాంటిదే.

ఇక జరిమానా సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లాలి. ఎక్కేచోట కార్డు పెట్టినప్పుడు స్టేషన్, సమయం దానిలో నమోదవుతాయి, దిగేచోట గేటు దాన్నిబట్టే ఛార్జీ లెక్కగడుతుంది. అమ్మగారి కార్డులో ఎక్కిన గుర్తే లేదు. మెట్రో రైల్వేల (ఆపరేషన్, మెయింటెనెన్స్) చట్టం, 2002 సెక్షన్ 69 సరైన టికెట్ గానీ పాస్ గానీ లేకుండా ప్రయాణించిన వారినుంచి ఛార్జీతో పాటు అదనపు రుసుము వసూలు చేయనిస్తుంది. మోసం చేసే ఉద్దేశం లేదన్నంత మాత్రాన అది ఆగదు. కాబట్టి జరిమానా మొత్తం వెనక్కి వస్తుందని నేను మాట ఇవ్వలేను.

కానీ అంతటితో మీరు ఓడిపోయినట్టు కాదు. డబ్బు తీసుకుని రశీదు ఇవ్వకపోవడం తప్పే. ఫోన్ రీఛార్జ్ తర్వాత యంత్రం మీద కార్డు పెట్టాలని స్పష్టంగా చెప్పకపోతే అది సేవాలోపమని వాదించవచ్చు. గేటు తెరుచుకోనప్పుడు సాయానికి అక్కడ సిబ్బంది ఉన్నారా అన్నదీ ముఖ్యమే. పెద్దావిడను జనం మధ్య అలా నిలబెట్టిన తీరును నేనైతే ఫిర్యాదులో తప్పకుండా రాస్తాను.

వీటన్నిటికీ ప్రాణం ఒక్కటే, గేటు లాగ్. ఏ కార్డు, ఏ గేటు దగ్గర, ఎన్ని గంటలకు, ఎందుకు తిరస్కరించిందో సిస్టమ్‌లో ఉంటుంది. ఆ రోజు అమ్మగారు కార్డు పెట్టి ప్రయత్నించారని అదే రుజువు. ఈ వారంలోనే కార్డు నంబరు, తేదీ, సుమారు సమయం రాసి, లాగ్‌తో పాటు సీసీటీవీ దృశ్యాలు కూడా భద్రపరచమని మెట్రోకు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. ఈమెయిల్ కూడా పెట్టండి. కెమెరా రికార్డు ఎక్కువ రోజులు ఉండదు, ఇప్పటికే నెల దాటింది. ప్రభుత్వ సంస్థ నడిపే మెట్రో అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

300 రూపాయలకు దారి వేరు. ముందు ఏదైనా స్టేషన్‌లో కార్డు అప్‌డేట్ చేసి చూడాలి, బహుశా అక్కడే దొరుకుతాయి. ఆ ఊరు వెళ్లే బంధువు ఉంటే కార్డు ఇచ్చి పంపండి. అప్పటికీ రాకపోతే లావాదేవీ నంబరుతో కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అదే విషయం మీద కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే బ్యాంకు మీద ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

మెట్రో మీదైతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడండి, చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే కమిషన్. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఘటన జరిగిన నాటినుంచి రెండేళ్లలోపు వేయాలి. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. లక్షల్లో పరిహారం మాత్రం అడగొద్దు. కట్టిన డబ్బు, రశీదు, అమ్మగారు పడ్డ మానసిక వేదనకు తగినంత, ఖర్చులు, అంతే అడగండి. చిన్న మొత్తం నిజాయితీగా అడిగినవాళ్ల మాట కమిషన్ సభ్యులు శ్రద్ధగా వినడం నేను చాలాసార్లు చూశాను.

ఫిర్యాదు అమ్మగారి పేరుమీదే వేయండి. కార్డు ఆవిడది, డబ్బు కట్టించుకున్నదీ ఆవిడ దగ్గరే.