వినికిడి నార్మల్, క్లాసులో మాత్రం సగమే ఎక్కుతోంది

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బాబు మూడో తరగతి. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెబితే అన్నీ అర్థం చేసుకుంటాడు, క్లాసులో మాత్రం సగమే బుర్రకెక్కుతోంది. డిక్టేషన్‌లో ఒకటి చెబితే ఇంకోటి రాస్తాడు. చెవులు పరీక్ష చేయిస్తే నార్మల్ అన్నారు. టీచరేమో ‘కావాలనే వినడు’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ‘కావాలనే’ అన్న మాటను ముందు పక్కన పెట్టించండి. మామూలు వినికిడి పరీక్ష నిశ్శబ్దంగా ఉన్న గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో పీప్ శబ్దం వినిపించి చేస్తారు. తిరిగే ఫ్యాన్లు, పక్క సెక్షన్‌లో ఎక్కాల గోల, రోడ్డు మీద హారన్లు, వీటన్నిటి మధ్య టీచర్ మాటను మెదడు విడదీసి పట్టుకోగలుగుతోందా లేదా అన్నది అందులో బయటపడదు. ఆ ఇబ్బందికే ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అని పేరు. మీ బాబుకి అదేనని ఉత్తరం చూసి తేల్చకూడదు. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలూ ఇలాగే కనిపిస్తారు, కొందరిలో వాటితో పాటు ఈ ఇబ్బందీ కలిసే ఉంటుంది. దీనికి ఆడియాలజిస్టుల (వినికిడి పరీక్షల నిపుణుల) దగ్గర వేరే పరీక్షలున్నాయి: గోల మధ్య మాటలు వినిపించడం, రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు మాటలు వినిపించడం లాంటివి. మామూలుగా ఏడేళ్లు దాటాకే చేస్తారు కాబట్టి మీ బాబుకి వయసు సరిపోతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి సమస్యల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ పరీక్ష చేస్తారా, ఏ భాషలో చేస్తారు అని ముందే ఫోన్‌లో అడగండి. బాబుకి బాగా వచ్చిన భాషలో చేయకపోతే ఫలితాన్ని నమ్మలేం.

రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు, క్లాస్ టీచర్‌ని రేపే కలవండి. ముందు బెంచీ ఒక్కటే చాలదు, ఆ బెంచీ కిటికీకి, వరండా తలుపుకి దూరంగా ఉండాలి, టీచర్ ముఖం కనబడాలి. బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పే మాటలు ఇలాంటి పిల్లలకి దాదాపు అందవు. ‘పుస్తకం తీసి, 42వ పేజీలో మూడో లెక్క చేసి, నోట్సు నా టేబుల్ మీద పెట్టండి’ అని ఒక్క ఊపులో చెబితే వాడు పుస్తకం తీసేసరికే మిగతాది జారిపోతుంది. ఒక్కొక్కటిగా చెప్పమనండి, హోంవర్కు బోర్డు మీద రాయమనండి. ‘అర్థమైందా?’ అంటే ఏ పిల్లాడైనా తలూపేస్తాడు, ‘ఇప్పుడేం చేయాలో చెప్పు నాన్నా’ అని అడగాలి. టీచర్ మెడ దగ్గర మైకు, పిల్లాడి చెవికి రిసీవర్ ఉండే పరికరాలూ ఉన్నాయి గానీ, ఆడియాలజిస్టు చెబితేనే కొనండి.

ఇంట్లో మీరు చేయాల్సింది, రేపటి పాఠంలోని కొత్త మాటలు ముందురోజు రాత్రే వాడి చేత చదివించడం. తెలిసిన మాట అయితే గోలలోనూ దొరుకుతుంది. బడి నుంచి రాగానే ట్యూషన్‌కి పంపుతుంటే మాత్రం దయచేసి ఆపండి. రోజంతా చెవులు రిక్కించి విని వాడు నిజంగానే అలిసిపోయి వస్తాడు, ఓ గంట టీవీ కూడా లేకుండా ఆడుకోనివ్వండి.