లంకలో బోరు దించే ముందు

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బావి అడుగంటిందని 150 అడుగుల బోరుకి రిగ్గు మాట్లాడావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే పోనివ్వు, బోరు మాత్రం దించకు.

చుట్టూ గోదారి పెట్టుకుని నీళ్ల కరువేమిట్రా అని బయటివాళ్లు నవ్వుతారు. ధవళేశ్వరం కాలువలు ఏటిగట్టుకి అవతలే పారతాయి, ఏటి నడుమ దిబ్బలా ఉన్న మన లంకలోకి రావు. వేసవిలో బ్యారేజీ కిందకి నీళ్లు తగ్గాయంటే పోటుతో పాటు ఉప్పు ఏట్లోకి ఎక్కుతుంది. మనకున్న మంచినీళ్లల్లా వానకి ఇసుకలో ఇంకి, ఉప్పునీటి మీద మీగడలా తేలుతున్నవే. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలిస్తే కింద దాదాపు 40 అడుగులు మంచినీళ్లుంటాయని లెక్క. అదే పైన ఆరంగుళాలు లాగేస్తే, నిదానంగానైనా కింద ఉప్పు 20 అడుగులు పైకొస్తుంది.

2002లో వానలు ఎగ్గొట్టినప్పుడు నేనూ నీలాగే టెన్షన్ పడి ఫిల్టర్ పాయింట్‌ని, అదే ఇసుకలోకి దించిన జల్లెడ గొట్టాన్ని, లోతు చేయించాను. పది రోజులు ధార చూసి మురిసిపోయాను. ఆ తర్వాత మీ అత్తయ్య పొయ్యి మీద కందిపప్పు ఉడకడం మానేసింది. కొబ్బరి మొక్కల ఆకుల కొసలు మాడాయి. నాకు రిగ్గు వాడి మీద కోపం వచ్చింది గానీ, తప్పు నాదే.

నువ్వు ఏటి ఒడ్డు వదిలి లంక నడిమికి రా. అక్కడ మంచినీటి పొర మందంగా ఉంటుంది. ఒక్క లోతు బోరు బదులు, నీళ్లు తగిలిన చోటే ఆపి, దూరం దూరంగా రెండు మూడు పాయింట్లు వేసి చిన్న మోటారు పెట్టు. గంట నడిపి రెండు గంటలు ఆపు. మరుగుదొడ్డి గొయ్యికి కనీసం 50 అడుగులు ఎడం ఉండాలి, పైపొర నీళ్లు కదా. తాగేవి కాచుకోండి. గొట్టం మూతి వరద మట్టానికి పైన పెట్టించు. వరదలోనూ మనకి తాగునీళ్లకి కటకటే.

అసలు డబ్బు ట్యాంకు మీద పెట్టు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్లు దిగుతాయి. తొలివాన మాత్రం బయటికి వదిలెయ్, డాబా మీద కాకిరెట్టలన్నీ అందులోనే ఉంటాయి. మృగశిర కార్తెలోపే గొట్టాలు బిగించుకో.

కొబ్బరి డొక్కలు అమ్మకు. పాదుల్లో వెల్లకిలా పేర్చి మన్ను కప్పితే తేమ పట్టి ఉంచుతాయి.

ఆదివారం వచ్చేటప్పుడు మీ బావిలో మిగిలిన నీళ్లు రెండు సీసాలు పట్టుకురా. మీ అత్తయ్య పప్పు వేసి చూస్తానంటోంది.

మామయ్య