అఫ్గానిస్తాన్ గురించి చదివితే అన్నం పెడుతుందా?

శనివారం మీ అమ్మాయితో మా ఇంటికి వచ్చి వెళ్లాక మీరు పంపిన ప్రశ్న ఇది: "మాది గుంటూరు, ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. బీఏ ఆఖరి ఏడాదిలో ఉన్న మా అమ్మాయి అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ అంటోంది. అది మంచిదా, ఎంబీఏనా? లండన్‌లో ఏడాది సెక్యూరిటీ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక ఏజెంటు అంటున్నాడు."

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు. 'మీ అమ్మాయి ఏం చేస్తోంది' అని బంధువులు అడిగితే ఏం చెప్పాలన్నదే.

ఆ పిల్ల నోటుబుక్కు మీరు చూశారా? పేజీ మధ్యలో గీత. ఎడమ పక్క మనం అఫ్గానిస్తాన్‌లో కట్టినవి: 218 కిలోమీటర్ల జరంజ్-డెలారామ్ రోడ్డు, సల్మా డ్యామ్, కాబూల్ పార్లమెంటు భవనం. కుడి పక్క 2010లో కుప్పకూలిన కాబూల్ బ్యాంకు. బ్యాంకు సొంతవాళ్లే అప్పుల పేరుతో సుమారు 90 కోట్ల డాలర్లు మింగేశారు. అప్పటి అఫ్గాన్ అధ్యక్షుడి అన్నదమ్ముల్లో ఒకరికి అందులో వాటా ఉండేది. కింద ఎర్ర ఇంకుతో, 'ఇంత తెలిసీ ఎందుకు సాయం చేశాం?'

జవాబూ తనే చెప్పింది. మనం తప్పుకుంటే ఆ చోటు తాలిబాన్‌దవుతుంది. 2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ మీద జరిగిన దాడిలో దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు చనిపోయారు. అయినా మనం వెనక్కి రాలేదు. మరి 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతికి పోయింది కదా అంటే, అవినీతిని చూసీ చూడనట్టు వదిలేయడం కూడా ఒక కారణమంది. వెంటనే, రోడ్డూ డ్యామూ జనానికి మిగిలాయి కదా అని తనకు తనే ఎదురు చెప్పుకుంది. ఇదే ఈ చదువు. అప్పుడు మీరు ఫోన్లో ఈఎంఐ లెక్కలు చూసుకుంటూ "ఈ గొడవలు మనకెందుకమ్మా" అన్నారు. పిల్ల నోటుబుక్కు మూసేసింది. తప్పు చేశారండీ.

లండన్ మాత్రం వద్దు. ఉగ్రవాదం, భద్రత అని పేరున్న కోర్సులంటే ఇప్పుడు పిల్లలకు మోజు. అక్కడి గూఢచారి సంస్థలు తమ పౌరులనే తీసుకుంటాయి. అప్పు చేసి వెళ్లి, తిరిగొచ్చి, చదివినదానికి సంబంధం లేని పనిలో చేరి వాయిదాలు కడుతున్న పిల్లలను నేను చూశాను. నాకు బాధేస్తుంది. ఏజెంటు వాళ్ల గురించి చెప్పడు.

జేఎన్‌యూలోనో, మద్రాసు యూనివర్సిటీ డిఫెన్స్ స్టడీస్‌లోనో చదవనివ్వండి. పారశీకం (పర్షియన్ భాష) కూడా నేర్చుకోమనండి, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ (మనూ)లో నేర్పుతారు. కాబూల్‌లో మాట్లాడే దరీ అదే భాష. అక్కడి పత్రిక సొంతంగా చదవగలిగితే ఈ రంగంలో చాలా విలువ. తక్షశిల, నియాస్ లాంటి పరిశోధన సంస్థలు మీ బెంగళూరులోనే ఉన్నాయి. ఉద్యోగాలు తక్కువే, మొదట్లో జీతమూ తక్కువే, అది దాచను. ఎంబీఏ అంటారా, నాలుగేళ్ల తర్వాతైనా చేయొచ్చు.

ఈ ఆదివారం ఆ నోటుబుక్కు మీరే అడిగి తెప్పించుకోండి. కాబూల్ బ్యాంకులో బినామీ పేర్లతో అప్పులు ఎలా ఇచ్చారో, లెక్కల్లో ఎలా దాచారో తనకు అర్థం కాలేదట. మీరు పనిచేసేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే కదా, కూర్చోబెట్టి చెప్పండి.